కావిడి తాడు తెగితే

ఆయన మనిషిని చూసేటప్పుడు ఎడమ కన్ను మూసేవారు. రోడ్డు ఎత్తుపల్లాలు చూసే లెవెలు గొట్టంలోంచి ఏళ్ల తరబడి చూసి చూసి వచ్చిన అలవాటది. కొత్తవాడెవడైనా ఎదురుగా వచ్చి నిలబడితే తల కాస్త పక్కకి వంచి, ఎడమ కన్ను మూసి, రెండో కంటితో కదలకుండా చూసి, అప్పుడు అడిగేవారు.

"సంతకి పోతున్నావు. దారిలో కావిడి తాడు తెగింది. ఏటి చేస్తావు?"

ఆ ఓవర్సీయరు గారు పోయారని మొన్న శ్రావణంలో తెలిసింది. ఆయన దగ్గర కొలతల గొలుసు పట్టిన మనిషి ఒకడు జ్వరమని మా ఆస్పత్రికి వచ్చాడు. మందు పోయించుకుని, సీసా బిరడా బిగించుకుంటూ మామూలు కబురు చెప్పినట్టే చెప్పాడు. వెనక వరసలో జనం ఉన్నారు. నేను తర్వాతి వాళ్ల సీసా అందుకున్నాను. ఆ పూట పని ముగిసేదాకా నాకేమీ అనిపించలేదు. సాయంత్రం ఇంటికి పోతుంటే ఎదురుగా ఎవరో కావిడి మోసుకుని వస్తున్నాడు. నా చూపు అతని ముఖం మీదికి కాక తాడు మీదికి పోయింది. అక్కడే రోడ్డు పక్కన కాసేపు నిలబడిపోయాను.

నేను కొండెక్కేసరికి గూడెం వైపు సర్కారు మీద లేచిన ఫితూరీ అణిగి ఏడాది కావస్తోంది. కొండల్లోకి మోటార్లు పోయే దారులుండాలని సర్కారుకి పట్టుదల వచ్చింది. శృంగవరపుకోట దిగువ నుంచి అనంతగిరి మీదుగా అరకు లోయలోకి పోయే పాత బండిబాటని వెడల్పు చేస్తున్నారు. పనివాళ్లు మన్యపు జ్వరాలతో మంచాన పడుతుంటే, క్యాంపులో ఒక మందుల పాక వేసి నన్ను కంపౌండరుగా పంపారు. నాకప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. విజయనగరం పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. కొండంటే దూరాన నీలంగా కనబడేదే తప్ప దాని మీద మనిషి కాపురం చేస్తాడని ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన గుడారం ముందు మడత కుర్చీలో కూర్చుని ముక్కుపొడుం పట్టు పీలుస్తున్నారు. నా ఉత్తర్వు కాగితం అందుకుని చదవకుండానే జేబులో పెట్టుకున్నారు. కన్ను మూసి చూశారు. తాడు ప్రశ్న అడిగారు. పరీక్ష అని నాకు తెలియదు. ఎవరైనా దారిన వచ్చేదాకా కూర్చుంటానని, ఇద్దరం కలిసి ఎలాగో మోసుకుపోతామని చెప్పాను.

"నీరు," అన్నారాయన, ఎంతో కాలంగా తెలిసినవాణ్ణి పలకరించినట్టు.

తర్వాత విడమరిచి చెప్పారు. మనుషులు నాలుగు రకాలు. అడవి తీగ తెంపి తాడుకి అతుకేసుకుని సాగిపోయేవాడు నేల. ఇంకొకరి కోసం ఎదురుచూసేవాడు నీరు. బరువంతా నెత్తికెత్తుకుని నడిచేవాడు నిప్పు. ఇవాళ్టికి సంత లేదనుకుని ఇంటికి మళ్లేవాడు గాలి. వాళ్ల నాన్నగారు పల్లెలో నాడి చూసి మందిచ్చే వైద్యుడు. వాతం, పిత్తం, కఫం అంటూ మనుషుల్ని విడదీయడం ఆయన చిన్నప్పుడే విన్నారు. తర్వాత పైఅధికారి దొర దగ్గర ఏదో ఇంగ్లీషు పుస్తకం కనబడిందట. అందులోనూ మనుషుల స్వభావాలు నాలుగేనట. రెండింటినీ కలిపి, కొండవాళ్లకీ అర్థమయ్యేటట్టు తన సొంత పద్ధతి ఒకటి తయారు చేసుకున్నారు. మొదట్లో చెప్పు తెగితే ఏం చేస్తావని అడిగేవారట. మాకు చెప్పులెక్కడివి బాబూ అని కొండవాళ్లు నవ్వేసరికి కావిడి తాడుకి మారారు.

పులి ఎదురైతే ఏం చేస్తావని అడగొచ్చు కదా అన్నాను ఒకసారి. ఆయన తల అడ్డంగా ఆడించారు. ధైర్యం గురించి అడిగితే ఎవడూ నిజం చెప్పడు, తాడు గురించి అడిగితే ఎవడూ అబద్ధం చెప్పడు అన్నారు. ఆ మాట నాకెంత గొప్పగా అనిపించిందంటే, వారం రోజులు దాన్నే తలుచుకున్నాను.

నన్ను నీరన్నందుకు మొదట చిన్నబోయాను. తర్వాత ఒక రకమైన నిశ్చింత వచ్చింది. మా నాన్న కేక వేస్తే ఎదురుచెప్పలేకపోవడం, చదువు మధ్యలో మానెయ్యమంటే మానేసి మందుల పనిలో చేరడం, అన్నీ ఒక్కమాటుగా అర్థమైపోయినట్టు తోచింది. నేను పిరికివాణ్ణి కాదు, నీరుని. ఏ పాత్రలో పోస్తే ఆ రూపు. అలా అనుకుంటే ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను.

క్యాంపులో అందరికీ ఆ సుఖం రుచి తెలిసింది. సామాన్ల గది చూసే ఆయనకీ కూలీల మేస్త్రీకీ ఉప్పూ నిప్పుగా ఉండేది. ఒకరోజు ఓవర్సీయరు గారు ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఆయన నేల, ఈయన గాలి, ఒకరి మీద ఒకరికి పగేమీ లేదు, పుట్టుక వేరు అంతే అని చెప్పారు. అప్పట్నుంచి వాళ్లిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు. అదంతా నా కళ్లెదుట జరిగింది. ఆయన పద్ధతి ఉత్త బూటకమని ఇవాళ ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనిషి మీద కోపం తగ్గించే శక్తి దానికి ఉండేది.

అయితే క్యాంపు గుమాస్తా ఆలస్యంగా వచ్చి, గాలిని కదండీ అని నవ్వేసేవాడు. ఒక కూలీ తన చెల్లెల్ని ఇవ్వనని సంబంధం వెనక్కి తిప్పేశాడు, పిల్లవాడు గాలి అని ఓవర్సీయరు బాబు చెప్పారని. ఆ సంగతి తెలిసి ఆయన కాస్త కంగారుపడ్డారు. పొడుం డబ్బీ మూత టకటకా కొట్టుకుంటూ అటూ ఇటూ తిరిగి, అంత దూరం తీసుకోకూడదోయ్ అన్నారు. మర్నాడు మళ్లీ కొత్తవాడొకడు రాగానే కన్ను మూశారు.

శీతాకాలంలో ఒకసారి ఆయన భార్య వడియాల మూటతో క్యాంపుకి వచ్చింది. ఆవిడ ఏ రకమో చెప్పమని మేమంతా ఆయన్ని వేడుకగా అడిగాం. ఆవిడ నిప్పని ఆయన చెప్పారు. కూర అడుగంటితే నిప్పు, పిల్లల్ని కోప్పడితే నిప్పు, నవ్వితే మాత్రం ఆయనకి కనిపించదు అంది ఆవిడ, వడియాలు ఎండబోసుకుంటూ. మేము నవ్వాం. ఆవిడ నవ్వలేదు. మరి మీరు ఏ రకం అని ఆయన్ని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. గొలుసు పట్టేవాణ్ణి ఎవరు కొలుస్తారోయ్ అనేవారు.

నేను కొండెక్కిన రెండో ఏడు సుక్రు పనిలోకి వచ్చాడు. లోయలో ఒక చిన్న కొండ ఊరు వాళ్లది. కొండదొర తెగ కుర్రాడు, కొత్తగా పెళ్లయింది. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడేటప్పుడు కింద పెదవి కొరుక్కునేవాడు. ఓవర్సీయరు గారు తాడు ప్రశ్న అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నెత్తి మీద ఎట్టుకుని పోతాను బాబు. సంత ఆగదు కదా."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంత స్వచ్ఛమైన నిప్పుని చూడలేదని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్పారు. ఆ రోజుల్లో మలుపు దగ్గర పెద్ద బండ అడ్డొచ్చి పని నిలిచిపోయింది. బండకి బెజ్జాలు తొలిచి, పేలుడు మందు కూరి, వత్తి అంటించి పరుగెత్తి రావాలి. ఆ పని చేసే మనిషి జ్వరం తగిలి మైదానానికి వెళ్లిపోయాడు. ఆయన సుక్రు భుజం మీద చెయ్యి వేసి, వత్తి ముట్టించే పని వీడిది అన్నారు.

ఊరంతా వాణ్ణి నిప్పోడు అని పిలవడం మొదలుపెట్టారు. అంబలి తెచ్చే ఆడవాళ్లు వాడు వత్తి అంటించి పరుగెత్తుకొస్తుంటే చూడ్డానికి ఆగేవారు. వాడి భార్య బుద్రి కూడా ఆ వరసలో నిలబడేది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. సుక్రు నడక మారింది. తలపాగా ఎత్తుగా చుట్టడం మొదలుపెట్టాడు. నాకు తెలిసిన మనిషి ఎవరూ అంత సంతోషంగా ఒక పేరు మొయ్యడం చూడలేదు.

కొన్నాళ్లకి పొద్దున్నే మందుల పాకకి రావడం మొదలుపెట్టాడు. కడుపులో నొప్పనేవాడు. నాలిక చూసేవాణ్ణి, పొట్ట నొక్కి చూసేవాణ్ణి. జబ్బేమీ కనబడేది కాదు. ఏదో చేదు నీళ్లు పోసి పంపేవాణ్ణి. మందు పేల్చే రోజుల్లోనే వస్తున్నాడని ఆలస్యంగా గమనించాను. ఒకరోజు గ్లాసు అందుకోబోయి సగం కింద ఒలకబోశాడు. నేను తలుపు చెక్క దగ్గరగా వేసి, ఏమైందని అడిగాను. వాడు పెదవి కొరుక్కున్నాడు.

"ఆ సప్పుడంటే నాకు భయం బాబు. వత్తి ముట్టించగానే కాళ్లు నావి కావు."

మరి ఆ మాట ఓవర్సీయరు గారితో చెప్పొచ్చు కదా, ఇంకో పని ఇస్తారు అన్నాను.

"బాబు నన్ను నిప్పన్నాడు. ఊరోళ్లందరూ ఇన్నారు. మా యాడది ఇన్నాది. ఇప్పుడు భయమని ఏ నోటితో సెప్పను?"

మరి ఆ రోజు తాడు తెగినా నెత్తి మీద పెట్టుకుని పోతానని ఎందుకన్నావని అడిగాను. వాడు నా వంక వింతగా చూశాడు, ఇంత తెలిసిన సంగతి అడుగుతానేమిటా అన్నట్టు.

"సంతకి బేగి పోకపోతే మా అయ్య కొడతాడు బాబు. సిన్నప్పుడు సానా కొట్టినాడు. తాడు తెగినా కాలు తెగినా పోవాల."

ఆ మధ్యాహ్నమే ఆయన దగ్గరికి వెళ్లాను. సుక్రు చెప్పిందంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు, అది నిజం. విన్నాక నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు. జాలి ఉంది, అదీ నా మీద.

"నువ్వు నీరువోయ్. నీకు ఎవరిలో చూసినా నీ ముఖమే కనిపిస్తుంది," అన్నారు.

ఆయనకి నేను ఏం చెప్పినా అది నీరు చెప్పిన మాటే అవుతుంది. అయినా నాలుగు రోజులాగి మళ్లీ వెళ్లాను. కడుపు జబ్బుందని, కొన్నాళ్లు పని మానిపించాలని కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన కాసేపు ఆ కాగితం వైపు చూసి, సరే వాణ్ణే అడిగేద్దాం అన్నారు. అడిగింది ఎక్కడంటే, అంబలి వేళ, మేస్త్రీలూ కూలీలూ ఆడవాళ్లూ అందరూ కూర్చుని ఉన్న చోట. సుక్రుని పిలిచి, కన్ను మూసి, భయంగా ఉందా అని అడిగారు.

సుక్రు నా వైపు చూడలేదు. బుద్రి ఉన్న వైపు చూశాడు. "నేదు బాబు," అన్నాడు.

ఎవరో ఈల వేశారు. ఓవర్సీయరు గారు నా వీపు తట్టి వెళ్లిపోయారు. సుక్రు ఆ తర్వాత మందుల పాకకి రావడం మానేశాడు.

వత్తి అంటించాక మందు పేలకపోతే ఆ రోజంతా అటు ఎవరూ పోకూడదని ఆయనే కట్టడి పెట్టారు. ఆ విషయంలో ఎంతో గట్టిగా ఉండేవారు. కానీ ఆ రోజు ఆయన కింది మలుపు దగ్గర కొలతల్లో ఉన్నారు. దొర పని చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఒక బెజ్జంలో మందు పేలలేదు. బండ అలాగే ఉంటే మాట పడాలని మేస్త్రీకి తొందర. రేపు చూద్దామని కొందరన్నారు. నిప్పోడివి, నువ్వు పోకపోతే ఇంకెవడు పోతాడ్రా అన్నాడు మేస్త్రీ. సుక్రు పోయాడు. పరుగెత్తలేదట, మామూలుగా నడిచి పోయాడట. చూసినవాళ్లు తర్వాత అదే పదేపదే చెప్పారు.

నేను చేరేసరికి పొగ ఇంకా విడిపోలేదు. వాడు బతికే ఉన్నాడు. కుడి చేతి వేళ్లు లేవు. కళ్లకి చూపు ఇక రాదని అక్కడే తెలిసిపోయింది నాకు. ఉన్న గుడ్డంతా వాడి కట్టుకే సరిపోయింది. డోలీ కట్టి శృంగవరపుకోటకి దింపారు, అక్కణ్నుంచి బండి మీద విజయనగరం ఆస్పత్రికి. కొండ దిగినంతసేపూ ఓవర్సీయరు గారు డోలీ పక్కనే నడిచారు. ఎండ నడినెత్తిన ఉంది. తన గొడుగు వాడి ముఖానికి పట్టారు. ఆ ఇరుకు దారిలో డోలీతో సమానంగా నడవాలంటే అంచు మీద నడవాలి. రెండుసార్లు కాలు జారింది. గొడుగు మాత్రం పక్కకి పోనివ్వలేదు.

సగం దారిలో సుక్రు మాట్లాడాడు. గొంతు ఎండిపోయి ఉంది. పక్కన ఉన్నదెవరో అడుగుల చప్పుడును బట్టి తెలిసిందేమో.

"బాబు, నాకు మొదట్నుంచీ భయమే."

ఆయన నడుస్తూనే ఉన్నారు. చాలా దూరం పోయాక, "అవును సుక్రూ," అన్నారు. నేను అటు చూడలేకపోయాను.

ఆ మనిషిని ఆ పనికి ఎంచింది నేనే, తప్పు నాదేనని ఆయన దొరకి రాశారు. అది ప్రమాదమేనని, విచారించనక్కర్లేదని జవాబు వచ్చింది. మేస్త్రీని కూడా ఎవరూ ఏమీ అనలేదు. తనని ఎవరూ తప్పు పట్టకపోవడమే ఆయన్ని ఎక్కువగా తిన్నదనుకుంటాను. భోజనం దగ్గర ముద్ద కలిపి అలాగే కూర్చునేవారు. పొడుం మానేశారు. తాడు ప్రశ్న మళ్లీ ఎవర్నీ అడగలేదు. కానీ కన్ను మాత్రం ఆయన మాట వినలేదు. కొత్త మనిషి వస్తే ఎడమ కన్ను దానంతటదే మూసుకునేది. ఆ వెంటనే గుర్తొచ్చి, కంట్లో నలుసు పడ్డట్టు తుండుతో తుడుచుకునేవారు. జనానికి ఈ బాధేమీ తెలియదు. బాబూ నేను ఏ రకం, నా కొడుకు గుంటడు ఏ రకం అని వెంటపడేవారు. ఆయన లేచి చెట్లలోకి వెళ్లిపోయేవారు.

వానలు వెళ్లాక సుక్రు ఊరికి చేరాడు. ఒకరోజు ఆయన నన్ను తోడు రమ్మన్నారు. లోయంతా వలిసె పూలతో పసుపుపచ్చగా ఉంది. సుక్రు ఇంటి ముందు బుద్రి రోట్లో సామలు దంచుతోంది. మమ్మల్ని చూసి రోకలి ఆపలేదు. సుక్రు అరుగు మీద గోడకి ఆనుకుని ఉన్నాడు, మా మాట విని తల అటు తిప్పాడు. ఓవర్సీయరు గారు నేల మీదే కూర్చున్నారు. ఏం అడగాలో ఆయనకి తెలియలేదు. నొప్పి ఎలా ఉందన్నారు. తిండి సరిగ్గా తింటున్నావా అన్నారు. సుక్రు తలూపాడు. రోకటి పోటు మధ్యలో ఆగింది.

"ఇప్పుడేటి అడుగుతావు బాబు? ఆడు ఏ రకమో తేలిందేటి?" అంది బుద్రి.

నేను కలగజేసుకోబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"తెలీదమ్మా. నాకేటీ తెలీలేదు," అన్నారు.

ఆవిడ దంచిన సామలు చేటలోకి తీసింది. చెరుగుతూ, మా వైపు చూడకుండా, నెమ్మదిగా చెప్పుకుపోయింది. పెళ్లయిన కొత్తలో పిడుగు పడితే వాడు తన వెనక దాక్కున్నాడట. పాముని మాత్రం తోక పట్టి విసిరేస్తాడట. వాన పడితే ఊరికే నవ్వుతాడట. వాళ్లయ్య పేరెత్తితే ఆ పూట అన్నం తినడట. వాడు వత్తి ముట్టించే రోజున తనెందుకు అక్కడికి వచ్చి నిలబడేదో ఎవరూ అడగలేదట. చూడ్డానికి కాదు, పరుగెత్తి వచ్చాక వాడు తన పక్కన కూర్చుంటే తప్ప వణుకు తగ్గేది కాదట.

"నన్ను అడిగుంటే సెప్పీదాన్ని కదా," అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది.

తిరిగి వస్తుంటే వాగు దగ్గర ఆయన ఒక రాతి మీద కూర్చుండిపోయారు. నేను ముందుకి పోయి, వెనక్కి వచ్చి పక్కన నిలబడ్డాను.

"నిన్ను నీరన్నాను. నువ్వేమో నా ముందుకి రెండుసార్లు వచ్చావు. మొదటిసారి నవ్వి పంపేస్తే మళ్లీ వచ్చావు. నీరు అలా రాదోయ్. అప్పుడైనా నాకు తట్టాల్సింది."

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నా గురించి నేను నమ్ముకున్న మాటని ఆయనే వెనక్కి తీసుకుంటున్నారు. దాని బదులు ఇంకో మాట ఇస్తారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా. ఇవ్వలేదు. లేచి వాగు దాటారు.

ఆ తర్వాత నా పెళ్లయింది, కొండ దిగి మైదానం ఆస్పత్రిలో చేరాను, నాకూ సంసారం ఏర్పడింది. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా మాటకి తల ఒగ్గితే, ఇది నా గుణమా, ఆయన పెట్టిపోయిన పేరా అని లోపల ఒక గుంజాటన. పేరు వెనక్కి తీసుకున్నా దాని మరక పోలేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. డోలీ పక్కన అంచు మీద నడిచిన మనిషి అడ్డొచ్చేవారు.

పోయారన్న కబురు విన్న వారానికి సెలవు పెట్టి కొండెక్కాను. ఇప్పుడు ఆ రోడ్డు మీద మోటారు పోతోంది. శృంగవరపుకోటలో ఎక్కితే మధ్యాహ్నానికల్లా లోయలో దింపుతుంది. ఆ మలుపు దగ్గర బండ లేదు, కోసేసిన ఎర్ర మట్టి గోడ మీద గడ్డి మొలిచింది. పక్కనున్నాయన చుట్ట కాలుస్తూ, రోడ్డు ఎంత బాగుందో అన్నాడు. బాగుందన్నాను.

సుక్రు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు, ఎడమ చేత్తో, తడుముకుంటూ. నేను పలకరించేలోపే, కంపోండ్రు బాబు అన్నాడు. నేను వచ్చిన పని చెప్పలేక అదీ ఇదీ అడుగుతూ కూర్చున్నాను. అప్పుడు వాడే ఓవర్సీయరు గారి ప్రస్తావన తెచ్చాడు. బదిలీ అయి వెళ్లాక కూడా ఏటేటా వలిసెలు పూసే కాలానికి వచ్చేవారట. కిందటేడు కాళ్లు వాచి నడవలేకపోయినా వచ్చారట, సగం దారి ఎవరి ఎద్దుబండి మీదో. నాకా సంగతి అప్పటిదాకా తెలియదు. నాకే కాదు, ఎవరికీ చెప్పలేదాయన.

"ఏటీ అడగడు బాబు ఇప్పుడు. కూకుంటాడు. నాను ఏదేనా సెప్తే ఇంటాడు. నాను సెప్పకపోతే ఊరుకుంటాడు. పొద్దు గూకితే ఎల్తాడు."

ఇక దాచడం బాగుండదని, ఆయన పోయారని చెప్పాను. సుక్రు చెయ్యి చింతపండులో అలాగే ఆగిపోయింది. లోపల గిన్నెల చప్పుడు కూడా ఆగింది. వాడు ముఖం నా వైపు తిప్పి అడిగాడు.

"పోయీటప్పుడు బాబుకి భయమేసిందేటి?"

గొలుసు పట్టిన మనిషి నాకు అదీ చెప్పాడు. ఆఖరి రోజుల్లో ఆయన బాగా బెదిరిపోయారట. మంచం పక్కన మనిషి లేకపోతే పిలిచేవారట, చెయ్యి వదలనిచ్చేవారు కారట. అంతటి పెద్దమనిషి అలా అయిపోయారేమిటా అని చూడవచ్చినవాళ్లు గుసగుసలాడుకున్నారట. ఆ మాటలు ఇక్కడ చెప్పొచ్చో లేదో తేల్చుకోలేకపోయాను. కానీ అడిగింది సుక్రు.

"వేసిందట సుక్రూ. చాలా వేసిందట," అన్నాను.

సుక్రు పెదవి కొరుక్కున్నాడు. బుద్రి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన అన్నిసార్లు వచ్చినా ఆయనతో మాట్లాడలేదని, గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయేదని అంతకుముందే సుక్రు చెప్పాడు. ఆవిడ నన్ను సూటిగా చూసింది.

"పక్కన ఎవులేనా ఉన్నారా?" అని అడిగింది.

"కూతురుందమ్మా. చెయ్యి పట్టుకునే కూర్చుందట."

"అయితే ఫరవానేదు," అంది బుద్రి. గుమ్మం దిగి వచ్చి మొగుడి పక్కన కూర్చుని, తనూ ఒక చింతపండు ముక్క చేతిలోకి తీసుకుంది.